"అన్నా, స్కానర్ ఏది?"

కూరగాయల బండి దగ్గర ఎవరైనా "అన్నా, స్కానర్ ఏది?" అంటే, బండి అతను కాటా పక్కన తగిలించిన క్యూఆర్ అట్ట చూపిస్తాడు. చదివేది మన ఫోను, అట్ట కాదు. మరి అట్టను స్కానర్ అనడం తప్పు కాదా?

జవాబు 1: నేనైతే తప్పనను. "స్కానింగ్ తీయించారా?" అని ఆస్పత్రిలో అడిగితే ఎవరికీ బార్‌కోడ్ గుర్తుకు రాదు, సందర్భమే అర్థం చెబుతుంది. ఇక్కడ నాకు తోచిన కారణం ఇది. మనలో చాలామంది మొదట చూసిన స్కానర్ సూపర్‌మార్కెట్ కౌంటర్లోది, అది కొట్టువాళ్ల చేతిలో ఉండేది. యూపీఐతో చదివే పని మన ఫోనుకి వచ్చింది. పేరు మాత్రం కొట్టువాళ్ల వైపే ఉండిపోయింది.

జవాబు 2: బిల్లింగ్ కౌంటర్ పని నేర్పేటప్పుడు ఈ తేడా నాకు రోజూ అవసరమే. చేతిలో పట్టుకునేదాన్ని మావాళ్లు "గన్" అంటారు. లేజర్ గన్ ఎర్రటి గీత వేస్తుంది. నల్ల చారలు వెలుగును మింగేస్తాయి, తెల్ల సందులు తిప్పికొడతాయి. వాటి వెడల్పును బట్టే అంకెలు తెలుస్తాయి. ఇది చారల కోడ్‌కే పనికొస్తుంది, క్యూఆర్‌ని చదవలేదు. ఫోన్ తెరమీద చూపిస్తే చారల దగ్గర కూడా తరచూ తడబడుతుంది. కెమెరా రకం గన్ మొత్తం బొమ్మ తీసుకుంటుంది కాబట్టి రెండూ చదువుతుంది. పెద్ద కొట్లలో కౌంటర్ బల్లకే అద్దం బిగించిన రకం ఉంటుంది. దాని గీతలు అనేక దిక్కుల్లో పడతాయి, ప్యాకెట్టును సరిగ్గా తిప్పి పెట్టనక్కర్లేదు.

చల్లని పాల ప్యాకెట్టు దగ్గర మాత్రం ఏ గన్‌తోనైనా తిప్పలే. తడి తుడిచి, ముడతను బొటనవేలితో సాగదీసి చూపించాలి. అప్పటికీ బీప్ రాకపోతే చారల కింద ఉన్న 13 అంకెలు కొట్టాలి. 890తో మొదలైతే ఆ నంబరు భారత్‌లోని జీఎస్1 సంస్థ ఇచ్చినదని అర్థం, సరుకు ఇక్కడే తయారైందని కాదు. ఇది చాలామంది పొరబడే చోటు.

అందుకే నేను రాసే కాగితాల్లో "గన్" అనీ "క్యూఆర్ బోర్డు" అనీ విడివిడిగా రాస్తాను. "స్కానర్ తుడవండి" అని రాస్తే కొత్తవాళ్లు గన్ అద్దం వదిలేసి క్యూఆర్ అట్ట తుడుస్తారు. మాట్లాడేటప్పుడు మాత్రం నాకూ అట్టే స్కానర్.

జవాబు 3: క్యూఆర్ 1994లో జపాన్‌లోని డెన్సో కంపెనీలో (ఆ విభాగమే ఇప్పటి డెన్సో వేవ్), కార్ల విడిభాగాల లెక్క కోసం పుట్టింది. అక్కడ కోడ్ పెట్టె మీద, స్కానర్ పనివాళ్ల చేతిలో. "స్కానర్"ని నిఘంటువులో చేర్చేవాళ్లు చదివే పరికరం, క్యూఆర్ అట్ట అనే రెండర్థాలూ ఇవ్వాలి, రెండోదానికి "వాడుక" అని గుర్తు పెడితే చాలు.