గళ్ళ కిల్టు, టోపీ బిళ్ళ: వీటిని తెలుగులో ఏమందాం?

ప్రశ్న:
మొదటి ప్రపంచ యుద్ధం నాటి స్కాట్లండ్ పటాలాల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. ఫొటో చూసి ఏ పటాలమో పోల్చుకోవడం ఎలాగో చెప్పే పేరా దగ్గర బండి ఆగిపోయింది. గ్లెంగారీ, టార్టన్, హ్యాకిల్, క్యాప్ బ్యాడ్జ్ అన్నీ అక్కడే వచ్చి పడ్డాయి. అలాగే ఉంచేస్తే తెలుగు మిగలదు, అన్నిటికీ మాటలు పుట్టిస్తే చదివేవాళ్ళు పారిపోతారు. పెద్దలు ఏమంటారు?

జవాబు:
బ్యాడ్జికి మాట పుట్టించే పనేముందండీ, బిళ్ళ ఉందిగా! బిళ్ళబంట్రోతు అన్న పేరులో ఉన్నది అదే. టోపీ బిళ్ళ అనేయండి. హ్యాకిల్ అంటే టోపీకి గుచ్చే ఈకల కుచ్చు, దానికి తురాయి భేషుగ్గా సరిపోతుంది. గ్లెంగారీ ఒక చోటి పేరు మీద వచ్చింది కాబట్టి కదపొద్దు. మొదటిసారి వచ్చినచోట ‘పడవలా మడతపడే, ముందు అంచులేని ఉన్ని టోపీ, నెత్తిన బంతికుచ్చు, వెనక రెండు రిబ్బన్లు, ఎడమ పక్కన బిళ్ళ’ అని చెబితే చాలు.

మరో జవాబు:
తురాయి అదిరింది. టార్టన్‌ను మాత్రం దయచేసి ‘చారల బట్ట’ అనకండి. చారలు ఒకవైపే పోతాయి, ఇవి గళ్ళు. పడుగులో రంగులు ఏ వరసలో ఉంటాయో మామూలుగా పేకలోనూ అదే వరస. పచ్చ మీద నీలం అడ్డంగా పడ్డచోట రెండూ కలిసిన మూడో ఛాయ కనిపిస్తుంది. అందం అంతా అక్కడే ఉంది.

అసలు చిక్కు మాట దగ్గర కాదు, ఆ పేరా నడక దగ్గర. గళ్ళతో మొదలుపెడితే పాఠకుడు తికమక పడతాడు. బ్లాక్ వాచ్ పటాలానివి ముదురు పచ్చ, నీలం, నలుపు గళ్ళు. అదే బట్టలో పసుపు గీత వస్తే గోర్డన్ హైలాండర్స్. తెలుపు, ఎరుపు గీతలు వస్తే మెకెంజీ గళ్ళు. అవి సీఫోర్త్ వాళ్ళవీ, హైలాండ్ లైట్ ఇన్‌ఫంట్రీ వాళ్ళవీ కూడా! కాకపోతే ఈ రెండోవాళ్ళు ఎక్కువమంది కిల్టు (మోకాళ్ళ దాకా వచ్చే కుచ్చిళ్ళ పావడా) కట్టరు, ఆ గళ్ళ ప్యాంటే వేస్తారు. పైగా ఆనాటి ఫిల్ములో ఎరుపు దాదాపు నల్లగా పడేది, గీత ముదురు రంగులో మునిగిపోతుంది.

అందుకని ముందు టోపీ చూడమనండి. గ్లెంగారీ చుట్టూ చదరంగపు గడుల పట్టీ ఉందా? బ్లాక్ వాచ్, కామెరాన్ పటాలాలకు ఉండదు, సాదా టోపీ. ఆర్గైల్ వాళ్ళది ఎరుపు-తెలుపు గడుల పట్టీ. తర్వాతే బిళ్ళ. జింక తల కనిపించగానే సంబరపడొద్దు, అది రెండు పటాలాలకు ఉంది. చుట్టూ ఐవీ తీగ దండ, కింద ‘బైడాండ్’ ఉంటే గోర్డన్. అది స్కాట్స్ మాట, కాలు కదపకుండా నిలబడేవాడని భావం. దండ లేకుండా జింక తల కింద గేలిక్‌లో ‘రాజుకు సాయపడు’ అని ఉంటే సీఫోర్త్. బ్లాక్ వాచ్ వాళ్ళయితే, యుద్ధకాలంలో వచ్చిన ఖాకీ ‘టామ్ ఓ షాంటర్’ అనే గుండ్రటి టోపీ మీద బిళ్ళ వదిలేసి ఎర్ర తురాయి ఒక్కటే పెట్టుకునేవాళ్ళు.

ఇంకో జవాబు:
బిళ్ళ మీద ఏనుగు కూడా ఉంటుందండోయ్. హైలాండ్ లైట్ ఇన్‌ఫంట్రీ బిళ్ళలో అడుగున చిన్న ఏనుగు, ‘అస్సాయే’ అన్న అక్షరాలు ఉంటాయి. 1803 సెప్టెంబరు 23న నేటి మహారాష్ట్రలోని ఆ ఊళ్ళో బ్రిటిష్ సేనాని వెల్లెస్లీ మరాఠాలతో చేసిన యుద్ధం గుర్తు అది. ఆ రోజు స్కాట్లండ్ 74వ, 78వ పటాలాల పక్కన మన మద్రాసు సిపాయిలూ పోరాడారు. అందుకే నేటి మద్రాసు రెజిమెంటు చిహ్నంలోనూ అస్సాయే ఏనుగే. మనవాళ్ళకు ఈ ముక్క చెప్పకపోతే ఎలా?

ప్రశ్న వేసినవారు:
ధన్యవాదాలండీ, ఏనుగు తప్పకుండా వస్తుంది. వ్యాసం చివర ఇప్పటి సైనికుల ఫొటో ఒకటుంది. దానికీ బిళ్ళ చూడమని రాస్తే సరిపోతుందా?

జవాబు:
సరిపోదు. 2006 మార్చి 28న ఆ పాత పటాలాలన్నీ కలిపి రాయల్ రెజిమెంట్ ఆఫ్ స్కాట్లండ్ చేశారు. అందరికీ ఒకే బిళ్ళ, ఒకే గళ్ళు. అప్పుడు బెటాలియన్ల తేడా చెప్పింది తురాయి రంగే: మొదటిదానికి నలుపు, రెండోదానికి తెలుపు, మూడోదైన బ్లాక్ వాచ్‌కు ఎరుపు, నాలుగోదానికి నీలం, ఐదోదైన ఆర్గైల్‌కు పచ్చ. ఆ ఫొటో కింద తురాయి రంగు రాయడం మర్చిపోకండి.