మూత మూలన గూడు కట్టి బయటికి రావడం లేదు: గుడ్లా, కుబుసమా?

నిశాచరి:
కిటికీ దగ్గర దొరికిన దూకే సాలీడును నాలుగు నెలలుగా పెంచుతున్నాను. తొమ్మిది రోజుల క్రితం డబ్బా మూత మూలన దళసరిగా తెల్లటి గూడు అల్లుకుని లోపలే ఉండిపోయింది. ఈగను వదిలినా తొంగిచూడలేదు. కుబుసం విడుస్తోందేమో. మగది లేదు కదా, గుడ్లెలా పెడుతుంది?

పాతకాపు:
మీకు దొరకక ముందే జతకట్టి ఉండవచ్చు. ఆడది మగదాని వీర్యాన్ని ఒంట్లో దాచుకుని, తీరిగ్గా నెలల తర్వాత కూడా గుడ్లు పెడుతుంది. మా ఇంట్లోది ఒక్కసారి జతకట్టి మూడు విడతలు పెట్టింది. గూట్లోకి వెళ్లే ముందు పొట్ట ఉబ్బి, ఇప్పుడు ముడుచుకుపోయి ఉంటే గుడ్లే. అన్నట్టు, పూర్తిగా ఎదిగినది ఇక కుబుసం విడవదు.

గాజుసీసా:
ఏం చేసినా గూడు మాత్రం విప్పకండి. ఫోటో కోసం నేను పట్టుకారుతో అంచు చీల్చాను. రాత్రికల్లా చిరుగు అల్లేసుకుంది, హమ్మయ్య అనుకున్నాను. రెండో రోజుకు గుడ్లలో సగం లేవు, తల్లే తినేసింది. నా వల్లేనని ఇప్పటికీ అనిపిస్తుంది.

పాతకాపు:
మీ వల్లే కాకపోవచ్చు. ఫలించని గుడ్లను తల్లి తినేయడం మామూలే. అసలు జతకట్టనిది కూడా ఒక్కోసారి గుడ్లు పెడుతుంది, అవి ఎండి ముడతలు పడతాయి.

నిశాచరి:
టార్చి వెనక నుంచి ఒక్క క్షణం వేశాను. లేత పసుపు ముద్ద, దాని మీద కాళ్లు చాపి పడుకున్న తల్లి! ఆకలికి చచ్చిపోదు కదా?

ఎనిమిదికళ్లు:
చావదు. గూటి పక్కన నీటి చుక్క చిలకరించండి, చాలు. ఈగను లోపలే వదిలేస్తే గూటిని కెలుకుతుంది, తీసేయండి. డబ్బా గాలి రంధ్రాలకు సన్నటి గుడ్డ కట్టండి, పిల్లలు నువ్వుగింజకన్నా చిన్నవి.

గాజుసీసా:
పిల్లలకు తల్లి ఏమైనా పెడుతుందా?

ఎనిమిదికళ్లు:
చాలా జాతుల్లో పెట్టదు, కాపలా కాస్తుందంతే. చీమను పోలి ఉండే టాక్సియస్ మాగ్నస్ అనే దూకే సాలీడు మాత్రం పాలలాంటి ద్రవం పడుతుందని 2018లో చైనా పరిశోధకులు వెల్లడించారు. మీ పిల్లలు బయటికొచ్చాక పండ్ల ఈగలు వేసి, వేటికవి విడదీయండి. లేకపోతే ఒకదాన్నొకటి తినేస్తాయి.

నిశాచరి:
ఇరవై రెండో రోజు. పసుపు ముద్ద లేదు. గూటి గోడ వెనక నల్లటి చుక్కలు జరుగుతున్నాయి. తల్లి గుమ్మంలోకి వచ్చి నీటి చుక్క తాగి, వెంటనే వెనక్కి వెళ్లింది.