ఎస్‌పీఎన్ 110 కోడ్ వస్తే ముందు సెన్సర్ మార్చాలా, వైరు చూడాలా?

చీమకుర్తి_బండి: మాది 20 టన్నుల పొక్లెయిన్, గ్రానైట్ క్వారీలో బాడుగకు తిరుగుతోంది. బ్రేకర్ కట్టి రాయి కొట్టేటప్పుడు స్క్రీన్ మీద ఎస్‌పీఎన్ 110 (కూలెంట్ టెంపరేచర్ కోడ్), ఎఫ్‌ఎంఐ 4 (తప్పు ఏ రకమో చెప్పే నంబర్) వస్తోంది. వెంటనే ఫ్యాన్ ఫుల్ స్పీడు అందుకుంటుంది, ఇంజన్ పవర్ పడిపోతుంది. కాసేపు ఐడిల్‌లో పెడితే కోడ్ పోతుంది. కూలెంట్ నిండా ఉంది, రేడియేటర్ శుభ్రం చేయించాను. మెకానిక్ టెంపరేచర్ సెన్సర్ మార్చాడు. రెండు రోజులకు మళ్లీ అదే. ఇప్పుడు ఇంకో సెన్సర్ తెప్పించమంటున్నాడు. కోడ్ వస్తే సెన్సర్ మార్చడమేనా పద్ధతి?

కరీంనగర్_జేసీబీ: సెన్సర్ కాదన్నా. కనెక్టర్‌లో చిలుము పట్టి ఉంటుంది. విప్పి కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి.

మీటర్_మేస్త్రీ: ఎఫ్‌ఎంఐ 4 అన్నారు కదా, సగం జవాబు అక్కడే ఉంది. ఆ సెన్సర్‌లో ఉండేది థర్మిస్టర్. వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. చాలావాటిలో 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓమ్‌లు, 90 దాటేసరికి 250 లోపు ఉంటుంది. మీ మోడల్ లెక్క మాన్యువల్‌లో చూసుకోండి. ఈసీఎం, అంటే ఇంజన్ కంప్యూటర్, 5 వోల్టులు పంపి, ఆ వైరు మీద ఎంత మిగిలిందో చూస్తుంది. వైరు తెగితే వోల్టేజ్ 5 దాకా ఎక్కుతుంది, అది ఎఫ్‌ఎంఐ 3. వైరు ఇంజన్ బాడీకి తగిలితే సున్నాకు పడిపోతుంది, అది 4. చిలుము పడితే రెసిస్టెన్స్ పెరుగుతుంది, అంటే ఇంజన్ ఉన్నదానికంటే చల్లగా కనిపిస్తుంది. దానితో 4 రాదు.

కోడ్ యాక్టివ్‌గా ఉన్నప్పుడే ఇంజన్ ఆపి, కీ ఆన్‌లో ఉంచి, సెన్సర్ కనెక్టర్ పీకండి. 4 పోయి 3 వస్తే సెన్సర్ లోపలే షార్ట్. 4 అలాగే ఉంటే తప్పు వైరుది, అరుదుగా ఈసీఎంది. దీనికి పైసా ఖర్చు లేదు.

కరీంనగర్_జేసీబీ: నా బండికి చిలుము తుడిస్తేనే పోయింది. రెండేళ్లయింది, మళ్లీ రాలేదు.

మీటర్_మేస్త్రీ: మీకు వచ్చింది 3నా, 4నా?

కరీంనగర్_జేసీబీ: నంబర్ గుర్తులేదు. పచ్చటి చిలుము నా కళ్లతో చూశాను. నీళ్లు దిగి రెండు పిన్నుల మధ్య తడి ఉంటే షార్ట్ అవదా?

మీటర్_మేస్త్రీ: తడికి రీడింగ్ కొంచెం తేడా వస్తుంది, అదీ ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు. 4 రావాలంటే వోల్టేజ్ దాదాపు సున్నాకు పడాలి. ఆయనకు బ్రేకర్ కొడుతుంటే వస్తోంది, ఆపితే పోతోంది. అదురుకు వచ్చేది తడి కాదు. ఏదో క్లాంపు కింద వైరు తోలు ఒరుసుకుపోయి ఉంటుంది.

కరీంనగర్_జేసీబీ: చూడకుండానే ఎలా చెబుతారండీ? చిలుము చిలుమే.

రామగుండం_డంపర్: ఏం చేసినా వైరుకు సూది గుచ్చి చెక్ చేయకండి. ఆ చిల్లులోంచి తడి దిగి తర్వాత ఇంకో కంప్లయింట్ వస్తుంది.

చీమకుర్తి_బండి: మీరిద్దరూ చిలుము దగ్గరే ఆగిపోయారు. సెన్సర్‌కూ రానుపోనుకూ కలిపి బిల్లు కట్టాను, పని కాలేదు. రెండు రోజులు బండి నిలబడితే క్వారీ వాళ్లు వేరే బండిని పిలిచారు. నా ఈఎంఐ ఎవరు కడతారు?

మీటర్_మేస్త్రీ: నాదీ మెకానిక్ పనే కాబట్టి చెబుతున్నాను. నాలుగు గంటలు కూర్చుని హార్నెస్ (వైర్ల కట్ట) విప్పి, ఒరిసిన చోటు పట్టుకుని సరిచేస్తే "ఇంత చిన్న వైరుకు ఇంత డబ్బా" అంటారు. కొత్త సెన్సర్ డబ్బా చేతిలో పెడితే మాట్లాడకుండా ఇస్తారు. నాకు ఎన్నోసార్లు జరిగింది. చూసినందుకు డబ్బు ఇవ్వకపోతే అందరూ పార్టులే మారుస్తారు.

చీమకుర్తి_బండి: డబ్బిచ్చాక "దొరకలేదు" అంటే? నాకు తెలిసినాయన సెన్సర్ బదులు చిన్న రెసిస్టర్ పెట్టించాడు. కోడ్ లేదు, బండి నడుస్తోంది. ఈ పని అయ్యేదాకా నేనూ అదే చేయిస్తాను.

బకెట్_ఆపరేటర్: ఇన్నాళ్లూ చదవడమే కానీ రాయలేదు. అలా రెసిస్టర్ పెట్టిన బండి నేను నడిపాను. పొద్దున స్టార్ట్ చేసింది మొదలు టెంపరేచర్ ముల్లు ఒకేచోట ఉండేది. మే నెలలో ఒక మధ్యాహ్నం కింది హోస్ పగిలి కూలెంట్ అంతా కారిపోయింది. ముల్లు కదల్లేదు, అలారం మోగలేదు, పవర్ తగ్గలేదు. కాలిన వాసన తగిలి ఆపేసరికి ఇంజన్ హెడ్ పగిలింది. నేను చూసుకోలేదని మూడు నెలలు జీతంలో కోశారు. రెసిస్టర్ వద్దని వారం ముందే చెప్పాను. "నడపడం వరకే నీ పని" అన్నారు.

మీటర్_మేస్త్రీ: నిజంగా వేడెక్కితే వచ్చేవి ఎఫ్‌ఎంఐ 0, 16. రెసిస్టర్ పెడితే అవి ఎప్పటికీ రావు. పైగా మీది వైరు షార్టే అయితే సెన్సర్ దగ్గర ఏం పెట్టినా 4 పోదు.

చీమకుర్తి_బండి: ఆ ఓనర్ చేసింది తప్పే. నన్ను అతనితో కలపకండి.

బకెట్_ఆపరేటర్: కలపడం లేదు సార్. ఒక్కటే అడుగుతున్నాను. కోడ్ వస్తే మీ ఆపరేటర్ తనంతట తాను బండి ఆపొచ్చా?

చీమకుర్తి_బండి: చెప్పకుండా ఆపితే గంటల బాడుగ పోతుంది. ముందు నాకు ఫోన్ చేయాలి.

బకెట్_ఆపరేటర్: ఫోన్ చేస్తే "ఈ లోడు అయ్యాక చూద్దాం" అంటారు. నాకూ అదే చెప్పారు.

కరీంనగర్_జేసీబీ: నా బండి నేనే నడుపుకుంటాను, నాకు ఆ బాధ తెలీదు. రెసిస్టర్ మాత్రం పెట్టించకండి అన్నా.

చీమకుర్తి_బండి: ఈ రోజు కోడ్ ఉండగానే కనెక్టర్ పీకించాను. 4 అలాగే ఉంది. రెసిస్టర్ మాట వదిలేశాను. వైరింగ్ చూడ్డానికి మెకానిక్‌కు రోజు కూలీ ఒప్పుకున్నాను. మేస్త్రీ గారూ, ఎక్కడ మొదలుపెట్టాలి?

మీటర్_మేస్త్రీ: బ్యాటరీ కనెక్షన్ తీసి, ఈసీఎం కనెక్టర్ విప్పండి. సెన్సర్ కనెక్టర్ కూడా విప్పే ఉంచండి. సిగ్నల్ వైరుకూ ఇంజన్ బ్లాక్‌కూ మధ్య మీటర్ పెడితే కనెక్షన్ చూపించకూడదు. ఒకరు మీటర్ చూస్తుంటే ఇంకొకరు హార్నెస్‌ను జానెడు జానెడు కదుపుతూ రావాలి. క్లాంపులు, బ్రాకెట్ అంచులు ముందు చూడండి. మీటర్ పలికిన చోటే తప్పు.

చీమకుర్తి_బండి: రేపు పొద్దున్నే చేయిస్తాను. చాలా థాంక్స్.

బకెట్_ఆపరేటర్: నేను అడిగినదానికి జవాబు చెప్పలేదు సార్.