అప్‌డేట్: ‘ది రెవెనెంట్’ చూశాను

ప్రతీకార కథలంటే పెద్దగా ఇష్టంలేని నేను 2015 నాటి ‘ది రెవెనెంట్’ సినిమా చూడవచ్చా అని పోయిన వారం అడిగాను. కథ కోసం కాదు, కెమెరా కోసం చూడమని ఎక్కువమంది చెప్పారు. నిన్న రాత్రి దీపాలన్నీ ఆర్పేసి చూశాను. మీ మాటే నిజం.

ఛాయాగ్రాహకుడు ఇమాన్యుయెల్ లుబెజ్కి దాదాపు అంతా సహజమైన వెలుతురులోనే చిత్రీకరించారు. మంచు మీద వాలే సాయంకాలపు నీలం, నటుడి ఊపిరికి మసకబారే లెన్సు... ఆ ఊపిరి దృశ్యాన్ని వెనక్కి తిప్పి మళ్లీ చూశాను. వరుసగా మూడో ఏడాది ఆయనకు ఆస్కార్ ఎందుకిచ్చారో అర్థమైంది.

కథ మాత్రం కథానాయకుడు హ్యూ గ్లాస్ తన కొడుకును చంపినవాణ్ణి వెంటాడటమే. చివరి కత్తిపోట్ల దగ్గర తల తిప్పుకున్నాను.

చూశాక చరిత్ర చదివితే ఇంకా బాధ కలిగింది. 1823లో ఎలుగుబంటి దాడి నుంచి బతికి బయటపడ్డ అసలు హ్యూ గ్లాస్, తనను వదిలేసి పోయినవారిని చంపలేదు. వాళ్లలో కుర్రవాడైన బ్రిడ్జర్‌ను క్షమించాడని, రెండోవాడైన ఫిట్జెరాల్డ్ సైన్యంలో చేరిపోవడంతో తన తుపాకీ మాత్రం తిరిగి తీసుకున్నాడని చెబుతారు. పాకుతూ, కుంటుతూ అంత దూరం వచ్చి, ఎత్తిన చేయి దించిన మనిషి! ఆ వెలుతురులో ఆ కథ చూడాలని ఉంది నాకు.