కాన్వెంట్ స్కూల్లో మోకాళ్ల మీద నిలబెట్టారు, వెళ్లి అడగమంటారా?

బైరాగిపట్టెడ అమ్మ:
మాది తిరుపతి. బాబు ఏడో తరగతి, ఒక క్యాథలిక్ స్కూల్లో. మేము హిందువులమే. సిస్టర్ల దగ్గర క్రమశిక్షణ వస్తుందని ఎల్‌కేజీలోనే వేశాం. మొన్న రాత్రి చూస్తే రెండు మోకాళ్లూ కమిలిపోయాయి. ఎడమ మోకాలికి గులకరాయి గుచ్చుకున్న గుంట ఇంకా అలాగే ఉంది. ప్రేయర్‌లో పక్కవాడితో మాట్లాడాడని స్టాఫ్‌రూమ్ ముందు ఒక పీరియడ్ అంతా మోకాళ్ల మీద నిలబెట్టారట. నొప్పికి ఏడవలేదు వాడు, నీళ్లకు పోయే చిన్న పిల్లలందరూ చూశారని ఏడ్చాడు. మాట్లాడటం వాడి తప్పే. మా ఆయన "మనం తినలేదా దెబ్బలు" అంటారు. అడిగితే వాడి మీద కోపం పెట్టుకుంటారేమోనని నాకు టెన్షన్.

చిత్తూరు లెక్కల టీచర్:
వెళ్లి అడగండమ్మా. ఇలాంటి స్కూళ్లలోనే 24 ఏళ్లు పనిచేశాను. మొదట్లో గోడకుర్చీ వేయించినదాన్నే. క్లాసు గప్‌చుప్‌గా ఉండేది, అదే క్రమశిక్షణ అనుకున్నాను. ఒకరోజు మా కరస్పాండెంట్ ఫాదర్ పిలిచి, పేద పిల్లల కోసం స్కూళ్లు నడిపిన ఇటలీ ఫాదర్ డాన్ బాస్కో 1877లో రాసిన చిన్న వ్యాసం చేతిలో పెట్టారు. కొట్టడం, నొప్పి పుట్టేలా మోకాళ్ల మీద ఉంచడం, చెవులు మెలిపెట్టడం పూర్తిగా మానాలని అందులో ఉంది. పిల్లలకు కసి పుడుతుంది, చెప్పేవాళ్ల విలువా పోతుందని కారణం కూడా రాశారు. మందలించాల్సి వస్తే నలుగురిలో కాదు, పక్కకు పిలిచి చెప్పాలి. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను నిలబెట్టిన పిల్లల ముఖాలే కళ్లముందు.

మర్నాటి నుంచి ఇంటర్వెల్‌లో స్టాఫ్‌రూమ్‌కు పోకుండా గ్రౌండ్‌లో పిల్లల మధ్యే ఉన్నాను. ఎవడు ఎవడితో గొడవ పడ్డాడో, ఎవడు టిఫిన్ తెచ్చుకోలేదో అక్కడే తెలిసేది. క్లాసులో అల్లరి సగం అక్కడే తగ్గింది.

ఇంకొక మాట. రూల్స్, వాటికి శిక్షలు పిల్లలకు ముందే తెలిసి ఉండాలని కూడా డాన్ బాస్కో రాశారు. మీ వాడి డైరీలో ఉన్నాయేమో చూడండి.

రేణిగుంట లాయర్:
విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షను నిషేధిస్తుంది. కానీ 2014లో సుప్రీంకోర్టు మైనారిటీ స్కూళ్లకు (క్యాథలిక్ స్కూళ్లూ అందులోకే వస్తాయి) ఆ చట్టం వర్తించదని చెప్పింది, కాబట్టి వాళ్లు ఆ మాట ఎత్తవచ్చు. జువెనైల్ జస్టిస్ చట్టం, 2015లోని 75వ సెక్షన్‌కు అలాంటి మినహాయింపు లేదు. పిల్లల పట్ల క్రూరత్వం గురించి అందులో ఉంది. ముందు మాట్లాడండి, మోకాళ్ల ఫోటో మాత్రం దాచుకోండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబర్ తెలిసి ఉండటం మంచిది.

బైరాగిపట్టెడ అమ్మ:
వెళ్లొచ్చానండీ. డైరీలో ఒక్క రూలూ లేదు, సిస్టర్‌కు తెరిచి చూపించాను. ఫోటో చూసి చాలాసేపు మాట్లాడలేదు. వచ్చే సోమవారం టీచర్లందరితో మీటింగ్ పెడతానన్నారు. క్లాస్ టీచర్ నా వైపు చూడలేదు. బాబును మాత్రం ఈరోజు ప్రేయర్‌లో తన పక్కనే నిలబెట్టుకుందట.