రోజువారీ ఖర్చులు తగ్గించుకుని అప్పుల నుంచి బయటపడటం నిజంగా సాధ్యమేనా?

ప్రశ్న

నాకు నెల జీతం వస్తుంది. ఉద్యోగానికి ఇప్పట్లో వచ్చిన ఢోకా ఏమీ లేదు. అయినా మూడేళ్లుగా నా అప్పు ఉన్నచోటే ఉంది. ప్రస్తుతం మూడు బాకీలున్నాయి. మొదటిది క్రెడిట్ కార్డు బాకీ. దానికి నెలకు నూటికి మూడు చొప్పున వడ్డీ పడుతోంది, నేను ప్రతి నెలా కనీస మొత్తమైన 5 శాతం మాత్రమే కట్టగలుగుతున్నాను. రెండోది బ్యాంకులో తీసుకున్న వ్యక్తిగత రుణం. దానికి ఇంకా రెండేళ్ల వాయిదాలున్నాయి. మూడోది దగ్గరి బంధువు ఒకాయన వడ్డీ మాట ఎత్తకుండా ఇచ్చిన చేబదులు. జీతంలో దాదాపు 40 శాతం వీటికే పోతుంది. మిగిలిన దానితో ఇల్లు మూడు వారాలు గడుస్తుంది, నాలుగో వారం మళ్లీ కార్డు బయటికి తీయవలసి వస్తుంది.

ఖర్చు తగ్గించుకోమని అందరూ చెబుతారు. రెండుసార్లు ప్రయత్నించాను. మొదటిసారి అన్నీ ఒక్కసారిగా మానేసి ఆరు వారాలు నిలబడ్డాను. ఏడో వారంలో విసుగెత్తి, మిగిల్చినదానికి రెట్టింపు ఖర్చు చేశాను. రెండోసారి ఖర్చు నిజంగానే తగ్గింది, కానీ ఆ మిగిలిన డబ్బు ఏమైందో మాత్రం ఇప్పటికీ చెప్పలేను. అప్పు తగ్గలేదు, చేతిలోనూ లేదు. విలాసాల జోలికి వెళ్లేవాణ్ని కాను. చిల్లర ఖర్చులు తగ్గించుకున్నంత మాత్రాన ఇంత బాకీ తీరుతుందా, తీరేటట్లయితే మూడింటిలో ముందు దేన్ని పట్టుకోవాలి అన్నది తెలిసినవారు చెప్పగలరని అడుగుతున్నాను.

సమాధానం 1

తీరుతుంది. అయితే ఎందుకు తీరుతుందో లెక్కలో చూడకపోతే, మీరు మూడోసారి కూడా ఏడో వారంలోనే ఆగిపోతారు.

మీ కార్డు బాకీని వంద అనుకుందాం. నెలకు నూటికి మూడు చొప్పున వడ్డీ అంటే ఏడాదికి 36 శాతమని చాలామంది అనుకుంటారు గానీ, కట్టని వడ్డీ ప్రతి నెలా అసలులో కలుస్తుంది కాబట్టి చక్రవడ్డీ లెక్కన అది దాదాపు 42.6 శాతమవుతుంది. కనీస మొత్తం కథ ఇంకా విచిత్రమైనది. బాకీ తగ్గినకొద్దీ ఆ 5 శాతం కూడా తగ్గుతుంది కాబట్టి, కార్డుతో కొత్తగా ఒక్క వస్తువు కొనకపోయినా, బాకీ సగానికి రావడానికే దాదాపు 32 నెలలు పడుతుంది. అలా కాకుండా నెలకు 5 అన్నది మార్చకుండా, బాకీ తగ్గినా మీ చెల్లింపు తగ్గించకుండా కడుతూ పోతే, సరిగ్గా 31 నెలల్లో మొత్తం బాకీ తీరిపోతుంది. మీరు కొత్తగా ఒక్క పైసా మిగిల్చనక్కరలేదు. మొదటి నెల ఎంత కట్టారో చివరిదాకా అంతే కట్టాలి.

ఇక చిల్లర ఖర్చుల సంగతి. నెలకు మీరు కట్టే 5లో మొదట్లో 3 వడ్డీకే పోతుంది, అసలుకు తగిలేది 2 మాత్రమే. ఇప్పుడు రోజువారీ ఖర్చుల్లో ఇంకో 2 మిగిల్చి దానికి కలిపారనుకోండి. వడ్డీ ఎప్పటి 3 మాత్రమే తీసుకుంటుంది కాబట్టి, కొత్తగా వచ్చిన ఆ 2 పూర్తిగా అసలు మీదికే వెళుతుంది, అంటే అసలు తరిగే వేగం మొదటి నెలనుంచే రెట్టింపవుతుంది. నెలకు 7 కడితే బాకీ 19 నెలల్లో తీరుతుంది. మొత్తం చెల్లింపు 155 నుంచి సుమారు 133కు దిగుతుంది. మీ బాకీ రెండు నెలల జీతమంత ఉందనుకుంటే, ఆ 2 అంటే నెల జీతంలో 4 శాతం, అంటే ఒక రోజు జీతానికి కాస్త పైన. నెలలో ఒక రోజు సంపాదన ఎక్కడ జారిపోతోందో కనిపెట్టడం అసాధ్యమైన పని కాదు.

అన్నిటికంటే ముందు నాలుగో వారంలో కార్డు తీయడం ఆపాలి. పాత బాకీ పూర్తిగా కట్టనంతకాలం చాలా కార్డుల్లో వడ్డీ లేని గడువు వర్తించదు. కొన్న రోజునుంచే కొత్త కొనుగోలు మీద కూడా వడ్డీ మొదలవుతుంది. పక్క నుంచి పోస్తూ ఉంటే తోడినా బావి ఎండదు.

సమాధానం 2

పై లెక్క సరైనదే. కానీ నాలాంటి వారికి లెక్క తెలియక అప్పు మిగలలేదు. తెలిసి కూడా మిగిలింది. అందుకని నేను వేరే వైపు నుంచి చెబుతాను.

మీరు రెండోసారి చేసిన ప్రయత్నం గురించి రాసిన వాక్యం చదివి నవ్వుకున్నాను, ఎందుకంటే అది నా కథే. ఖర్చు తగ్గించడం ఒక పని, తగ్గించిన డబ్బును అప్పు దాకా చేర్చడం రెండో పని. మనం మొదటిది చేసి, రెండోది దానంతటదే జరుగుతుందనుకుంటాం. ఖాతాలో ఊరికే ఉన్న డబ్బు నెలాఖరుదాకా ఆగదు, ఏదో ఒక న్యాయమైన కారణం వెతుక్కుని వెళ్లిపోతుంది. నేను చివరికి ఒక నియమం పెట్టుకున్నాను: ఏదైనా కొనబోయి మానుకుంటే, మానుకున్న ఆ నిమిషంలోనే, అక్కడే నిలబడి, ఫోన్ తీసి, అంత మొత్తాన్నీ కార్డు బాకీకి కట్టేసేవాణ్ని. కార్డుకు నెలలో ఎన్నిసార్లయినా కట్టవచ్చు. సాధారణంగా వడ్డీని రోజువారీ నిల్వ మీద లెక్కిస్తారు కాబట్టి ముందుగా కట్టిన ప్రతి మొత్తం కొంతైనా వడ్డీ తగ్గిస్తుంది. ఒక నెలలో అలాంటి చిన్న చెల్లింపులు ఇరవై రెండు చేశాను. చూసినవారికి పిచ్చిలా అనిపించి ఉండవచ్చు, నాకు మాత్రం అప్పటిదాకా కంటికి కనబడని పొదుపు మొదటిసారి అంకెల్లో కనిపించింది.

ఇక ఎక్కడ తగ్గించాలన్నది. ముందు ఏదీ తగ్గించకండి; నెల రోజులు పద్దు రాయండి, అంతే. ఎంత ఖర్చయిందన్నదే కాకుండా, ఎన్ని గంటలకు ఖర్చు చేశారో కూడా రాయండి. నేను పదకొండో రోజు రాత్రి పుస్తకం తెరిచి చూస్తే, సాయంత్రం ఆరున్నరకూ ఏడున్నరకూ మధ్య, పని ముగించుకుని ఇంటికి వచ్చే దారిలో చేసిన ఖర్చులే తొమ్మిది కనిపించాయి. వాటిలో ఒక్కటి కూడా నాకు గుర్తులేదు. వాటికి ఆకలీ అవసరమూ కారణం కాదు. రోజంతా పనిచేసిన మనిషి తనకు తాను ఇచ్చుకునే చిన్న పరిహారం లాంటిది. అది తెలిశాక నేను పన్నెండు రకాల ఖర్చులతో కుస్తీ పట్టలేదు, ఆ ఒక్క గంట సంగతి చూసుకున్నాను. బయలుదేరేముందే కాస్త తిని బయలుదేరేవాణ్ని, ఫోన్లో దాచిపెట్టిన కార్డు నంబరును అన్ని చోట్లా తొలగించాను. ప్రతిసారీ పదహారు అంకెలు చూసి కొట్టవలసి వస్తే సగం కోరికలు అక్కడే చల్లారిపోతాయి.

మీ మొదటి ప్రయత్నం ఎందుకు విఫలమైందో కూడా ఇందులోనే ఉంది. అన్నీ మానేసినవాడు ఏదో ఒక రోజు అన్నిటికీ కలిపి కసి తీర్చుకుంటాడు. మీకు నిజంగా సంతోషమిచ్చే ఖర్చు ఒకటి ఉంటే దాన్ని లెక్కలో పెట్టి, పేరు రాసి, ఉంచుకోండి. గుర్తుకైనా రాని ఖర్చులనే కోసేయండి.

సమాధానం 3

మూడింటిలో ముందు ఏదన్న మీ ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు కాబట్టి క్లుప్తంగా రాస్తాను. అన్నిటికీ కట్టవలసిన వాయిదాలు తప్పకుండా కడుతూ, అదనంగా మిగిలిన ప్రతి పైసా ఎక్కువ వడ్డీ ఉన్నదానికి, అంటే కార్డుకే పోవాలి. చిన్న బాకీని ముందు తీర్చేస్తే ఉత్సాహం వస్తుందనే పద్ధతి కూడా ఉంది, కొందరికి అది పనిచేస్తుంది. కానీ నెలకు నూటికి మూడు పడుతున్న బాకీని పక్కన పెట్టి వడ్డీ లేని చేబదులు తీర్చడం ఖరీదైన ఉత్సాహం.

అయితే చేబదులుకు వడ్డీ లేదంటే గడువు లేదని కాదు. ఆ బంధువుగారి దగ్గరికి మీరే వెళ్లి, కార్డు బాకీ ఎప్పటికి తీరుతుందో, ఆ తరువాత నెలకు ఎంత చొప్పున ఇవ్వగలరో తేదీతో సహా చెప్పండి. వీలైతే ఇప్పటినుంచే చాలా చిన్న మొత్తమైనా ప్రతి నెలా అదే తేదీన ఇవ్వండి. ఆయన అడగడం లేదంటే మరచిపోయారని కాదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. వెంటనే జవాబు రాయకుండా పద్దు రాయడం మొదలుపెట్టాను. నేటికి 19 రోజులైంది. నా విషయంలో సాయంత్రాలు కాదు, రాత్రి పదింటి తరువాత పడుకుని ఫోన్ చూస్తూ చేసిన కొనుగోళ్లు ఎక్కువగా కనిపించాయి. వాటితోపాటు ఖాతా నుంచి నెలనెలా వాటంతటవే కోతపడే చందాలు నాలుగు బయటపడ్డాయి. వాటిలో ఒకదాన్ని ఎనిమిది నెలలుగా తెరిచి చూసినవారు మా ఇంట్లో ఎవరూ లేరు. నా భార్యకు పుస్తకం చూపించాను. తన ఖర్చులు కూడా అందులోనే రాస్తానంది, అంతకుముందు ఈ మాట ఎత్తితేనే ఇద్దరం వాదనకు దిగేవాళ్లం.

ఒక సందేహం. కార్డు వడ్డీలో సగం వడ్డీకే ఐదేళ్ల రుణం ఇస్తామని ఒక ఫోన్ వచ్చింది. దానితో కార్డు బాకీ ఒక్కసారే మూసివేస్తే మంచిది కాదా?

సమాధానం 4

ఇది నేను చేసిన పనే కాబట్టి చెబుతున్నాను. నేను సరిగ్గా ఇలాగే తక్కువ వడ్డీ రుణం తీసుకుని కార్డు బాకీని సున్నా చేశాను. ఆ రోజు ఎంత తేలికగా అనిపించిందో చెప్పలేను. కార్డును మాత్రం అత్యవసరానికి ఉంటుందని అట్టేపెట్టుకున్నాను. పద్నాలుగు నెలలు తిరిగేసరికి కార్డు మళ్లీ నిండింది, రుణం వాయిదాలు అలాగే ఉన్నాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. అప్పు చోటు మారింది గానీ, అప్పు చేయించిన అలవాటు కదలలేదు.

లెక్క కూడా చూడండి. వంద బాకీని నెలకు ఒకటిన్నర వడ్డీతో ఐదేళ్లలో తీర్చితే నెల వాయిదా 2.54 మాత్రమే, చూడటానికి ముద్దుగా ఉంటుంది. కానీ ఐదేళ్లకు మొత్తం 152 దాకా కడతారు. ఇప్పటి నూటికి మూడు వడ్డీ మీదే నెలకు 7 కడితే 133తో తీరుతుందని పైన ఒకరు చూపించారు. అంటే వడ్డీ సగమైనా, గడువు పెరగడం వల్ల మీరు ఎక్కువే కడుతున్నారు. ఆ ఫోన్ చేసినవారు వాయిదా గురించే మాట్లాడతారు, మొత్తం గురించి మాట్లాడరు.

తక్కువ వడ్డీకి మారి కూడా నెలకు 7 చొప్పునే కట్టగలిగితే అది వేరే మాట: 17 నెలల్లో తీరుతుంది, మొత్తం 114 దాటదు. కాబట్టి తీసుకునేముందు మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: ముందుగా కట్టేస్తే జరిమానా ఎంత, రుణం ఇచ్చేటప్పుడు పట్టుకునే రుసుము ఎంత, అదనంగా కట్టినది అసలులో తగ్గించి గడువు కుదిస్తారా లేదా. సమాధానాలు నచ్చితేనే తీసుకోండి, తీసుకున్న రోజే కార్డు పరిమితిని కనిష్ఠానికి తగ్గించమని రాసి ఇవ్వండి.

సమాధానం 1 రాసినవారు

ఒక విషయం చేర్చడం మరచిపోయాను. మీ నాలుగో వారం ఎప్పుడూ లోటుగా ఉండటానికి రోజువారీ ఖర్చులే కారణమని ఇంకా నాకు నమ్మకం కుదరలేదు. పద్దు రాస్తున్న పుస్తకం వెనక పేజీలో, ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రమే వచ్చే ఖర్చులన్నీ రాయండి: బీమా, పిల్లల ఫీజులు, వాహనం మరమ్మతు, వేడుకలు. మొత్తాన్ని 12తో భాగించండి. ఆ అంకె మీ నెల ఖర్చులో ఇప్పటిదాకా లేకపోతే, మీరు ప్రతి నెలా తెలియకుండానే అంత లోటుతో మొదలవుతున్నారన్నమాట. అది మీద పడిన ప్రతిసారీ కార్డు ఆదుకుంటోంది. ఆ పన్నెండో వంతును వేరే ఖాతాలో వేయడం మొదలుపెట్టేదాకా కార్డుకు అదనంగా కట్టే మొత్తాన్ని కొంచెం తక్కువగానే ఉంచండి. బీమాను మాత్రం పొదుపు పేరుతో ఆపకండి. రద్దు చేసిన నాలుగు చందాలు నెలకు ఎంత అయ్యాయో రాస్తే, మీ 2లో ఎంత వంతు ఇప్పటికే దొరికిందో లెక్కకట్టి చెబుతాను.