స్టాన్‌ఫర్డ్ జైలు ప్రయోగం మొదటి సంవత్సరం పాఠంలో ఉండవలసిందేనా?

మానసవీణ (చర్చ ప్రారంభించినవారు)
డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థులకు మనస్తత్వశాస్త్రం బోధిస్తున్నాను. అమెరికా మనస్తత్వవేత్త ఫిలిప్ జింబార్డో 1971 ఆగస్టులో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక భవనపు నేలమాళిగలో నడిపిన జైలు ప్రయోగాన్ని పరిచయ పాఠం నుండి తొలగించాలని నా అభిప్రాయం. రోజుకు 15 డాలర్లిచ్చి 24 మంది యువకులను తీసుకుని, నాణెం ఎగరవేసి కొందరిని గార్డులుగా, కొందరిని ఖైదీలుగా విడదీశారు. గార్డులు ఖైదీలను వేధించడం మితిమీరడంతో, రెండు వారాలు సాగవలసినది ఆరు రోజులకే ఆగిపోయింది. పాత్ర ఇస్తే చాలు, మంచివాడు కూడా క్రూరుడవుతాడని అర్ధశతాబ్దంగా పిల్లలకు చెబుతున్నాం. కాని పోల్చి చూడడానికి నియంత్రిత సమూహం లేదు, పరిశోధకుడే జైలు సూపరింటెండెంటుగా కూర్చున్నాడు, గార్డులకు ముందే సూచనలు అందాయి. పరిశోధనా పద్ధతుల అధ్యాయం చెప్పిన నోటితోనే దీనిని నిరూపితమైన విషయంగా ఎలా చెప్పగలను?

గోదారిగట్టు
పద్ధతిలో లోపమున్నదల్లా తీసివేస్తే మొదటి సంవత్సరం పుస్తకంలో ఏమి మిగులుతుంది? వాట్సన్, రేనర్ అనే మనస్తత్వవేత్తలు 1920లో భయం నేర్పిన ప్రయోగం ఒకే ఒక్క పసివాడిపై జరిగింది. బయటికి కనిపించే ప్రవర్తననే అధ్యయనం చేయాలనే ప్రవర్తనావాదం చెప్పేటప్పుడు దానిని వదిలిపెట్టడం లేదు కదా. ఇక నా మాట. ఇంజనీరింగ్ హాస్టల్‌లో నన్ను రాత్రంతా నిలబెట్టిన సీనియర్లు ఇంటి దగ్గర మర్యాదస్తుల పిల్లలే. నిరుడు ఏడ్చిన జూనియర్లే ఈ ఏడు ఏడిపించే సీనియర్లు కావడం నా కళ్లతో చూశాను. ఆ మార్పును నాకు మొట్టమొదట అర్థమయ్యేలా చెప్పినది ఈ ప్రయోగమే.

సురేఖ_శ్రీకాకుళం
వాట్సన్ ప్రయోగాన్ని దాని లోపాలతో సహా చరిత్రగా చెబుతాం. జైలు ప్రయోగాన్ని మాత్రం ఇప్పటికీ రుజువుగా చెబుతున్నాం. తేడా అక్కడ ఉంది.

మానసవీణ
సురేఖ గారు సరిగ్గా చెప్పారు. తిబో లె తెక్సియే అనే ఫ్రెంచి పరిశోధకుడు స్టాన్‌ఫర్డ్‌లో భద్రపరచిన టేపులను, కాగితాలను పరిశీలించి 2019లో ఒక వ్యాసం ప్రచురించాడు. వార్డెన్ పాత్రలో ఉన్న విద్యార్థి, మెతకగా ఉన్న ఒక గార్డును పక్కకు పిలిచి కఠినంగా ఉండమని ఒత్తిడి చేసిన సంభాషణ ఆ టేపుల్లో ఉంది. అందరికంటే క్రూరుడని పేరుపడిన గార్డు, తాను కావాలనే ఒక పాత్రను నటించానని తరువాత చెప్పాడు. జైలు జీవితంపై అధ్యయనమని పత్రికా ప్రకటనలో రాస్తేనే దూకుడు స్వభావం గలవారు ఎక్కువగా ముందుకు వస్తారని కార్నహన్, మెక్‌ఫార్లండ్ అనే పరిశోధకులు 2007లో చూపారు. ఇన్ని తెలిసిన తరువాత, అది పాత్ర మహిమేనని ఎలా అంటారు?

గోదారిగట్టు
నటించాడనే అనుకుందాం. ఎదుట నిలబడిన ఖైదీ పడిన అవమానం నటన కాదు కదా! నన్ను నిలబెట్టినవారు కూడా సరదాకే చేశామన్నారు. మీరు టేపు గురించి మాట్లాడుతున్నారు, నేను దెబ్బ తిన్నవాడి గురించి మాట్లాడుతున్నాను.

పద్మజ
బ్రిటన్‌లో రైషర్, హాస్లమ్ అనే మనస్తత్వవేత్తలు ఇటువంటి జైలునే ఏర్పాటు చేస్తే బీబీసీ 2002లో ప్రసారం చేసింది. అక్కడ గార్డులు ఒక జట్టు కాలేకపోయారు, ఖైదీలే తిరగబడి వ్యవస్థను కూలదోశారు. పాత్ర ఒక్కటే చాలదని తేలింది.

మానసవీణ
గోదారిగట్టు గారూ, మీ బాధను నేను కాదనడం లేదు. కాని ఒక హాస్టల్ అనుభవం శాస్త్రీయ ఆధారం కాజాలదు.

గోదారిగట్టు
ఆ మాట అనడం మీకు సులువు. తరగతి గదిలో నియంత్రిత సమూహాల గురించి చెప్పేవారికి, చలిలో లోదుస్తులతో నిలబడడమంటే ఏమిటో ఎలా తెలుస్తుంది?

మానసవీణ
తెలుసు. మా తమ్ముడు మొదటి సెమిస్టరు మధ్యలోనే చదువు మానుకుని ఇంటికి వచ్చాడు. విచారణ జరిపిన పెద్దలు, అది హాస్టల్ వాతావరణ ప్రభావమని, పిల్లలు స్వతహాగా మంచివారని రాసి అందరినీ వదిలిపెట్టారు. వారిలో ఒకరు మనస్తత్వశాస్త్రం చదివినవారే, ఈ ప్రయోగాన్నే ఉదహరించారు. ఇరాక్‌లోని అబూ గ్రైబ్ జైలులో అమెరికా సైనికులు ఖైదీలను హింసించిన కేసులో, నిందితుల్లో ఒకడైన సార్జెంట్ ఫ్రెడరిక్ తరఫున 2004లో జింబార్డో సాక్ష్యం చెప్పినదీ ఇదే వాదన. పరిస్థితి చేయించిందని పిల్లలకు నేర్పితే, చేసినవాడి చేతికి ఒక సాకు అందించినవారమవుతాం. నా అభ్యంతరానికి మూలం ఇది.

గోదారిగట్టు
ఈ మాట ముందే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. నాకు జరిగింది దీనికి తలకిందులు. నా విషయంలో ఇద్దరు సీనియర్లను సస్పెండ్ చేసి, చెడ్డ పిల్లలని ముద్ర వేసి ఫైలు మూసేశారు. ప్రతి రాత్రీ ఆ కేకలు విని తలుపు వేసుకున్న వార్డెన్‌ను ఎవరూ ప్రశ్నించలేదు. మరుసటి ఏడు మరో ఇద్దరు సీనియర్లు బయలుదేరారు. అందుకే పరిస్థితి అన్న మాటను నేను వదలలేను. మీరు చూపిన టేపులో ఉన్నదేమిటి? పైవాడు పిలిచి కఠినంగా ఉండమనడమే కదా. అది నా వాదనకే బలం.

సురేఖ_శ్రీకాకుళం
ప్రవర్తన అనేది వ్యక్తి, పరిసరం రెండింటి ఫలితమని మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ 1936లోనే సూత్రంగా రాశాడు. మీరిద్దరూ చెరొక సగం పట్టుకున్నారు. మన ఆంధ్రప్రదేశ్ 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టం కూడా చేసిన విద్యార్థిని శిక్షిస్తుంది, ఫిర్యాదు వచ్చినా చర్య తీసుకోని సంస్థాధిపతిని నేరానికి ప్రోత్సాహకుడిగా పరిగణిస్తుంది.

మానసవీణ
చట్టం చెప్పినంత స్పష్టంగా పాఠ్యపుస్తకం చెప్పడం లేదు. టేపులో ఆ మాట అన్నది ఎవరు, అడిగినా మెతకగానే ఉండిపోయిన గార్డులు ఎందరు, ఫ్రెడరిక్‌కు ఆ సాక్ష్యం తరువాత కూడా ఎనిమిదేళ్ల జైలు ఎందుకు పడింది, ఈ మూడూ అదే పేజీలో ఉంటే నేను చెబుతాను. అవి లేకుండా ఆరు రోజుల కథ ఒక్కటే ఉంటే చెప్పను.

గోదారిగట్టు
మూడూ ఉండనివ్వండి. నాలుగవదిగా, సూపరింటెండెంటుగా కూర్చున్నవాడి బాధ్యత కూడా రాయండి. ఫ్రెడరిక్ శిక్ష గురించి రాసి, అతని పైవారి గురించి రాయకపోతే మా వార్డెన్ మళ్లీ తప్పించుకున్నట్లే.